పదహారు మెట్ల రేవు

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ నగరంలో, ఓడరేవును ఆనుకొని, పదహారు రాతి మెట్లు ఉన్నవి. నల్లని అగ్నిశిలతో కట్టిన ఆ మెట్లు ఏ దేవాలయానికో, ఏ దుర్గానికో దారితీసేవి కావు. ఒకప్పుడు సముద్రం వాటి పాదాలను తాకుతూ ఉండేది. ఓడల నుంచి పడవలలో దిగిన మనుష్యులు ఆ మెట్లెక్కి పైనున్న ఆవరణలో ప్రవేశించేవారు. ఇప్పుడు కడలి కొంత దూరం జరిగినది. ప్రక్కనే వాహనాలు హోరెత్తే పెద్ద రహదారి వచ్చినది. అయినా ఆ మెట్లు మాత్రం నిలిచి ఉన్నవి.

ఈ స్థలాన్ని ఒకప్పుడు జనం కూలీఘాట్ అనేవారు. 1987లో దీనికి ఆప్రవాసీ ఘాట్ అని పేరు పెట్టారు. పరదేశం నుంచి వచ్చి స్థిరపడినవాడు ఆప్రవాసి. 2006లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చినది. విస్తీర్ణంలో ఇది ఎంతో చిన్నది. 1,640 చదరపు మీటర్లు మాత్రమే. తాజ్‌మహల్ వంటి సౌందర్యం కోసం వచ్చేవారికి ఇక్కడ కనిపించేవి కొన్ని గోడలు, ఒక వంటశాల, మరుగుదొడ్ల అవశేషాలు, ఒక చిన్న ఆసుపత్రి. అయితే 1834 నుంచి 1920 వరకు సుమారు అయిదు లక్షల మంది భారతీయులు మారిషస్‌కు వలస వచ్చారు. 1849లో ఈ ఆవరణ వెలసిన తరువాత వచ్చినవారికి ఈ దేశపు గడప ఇదే. వారిలో కొందరు ఇక్కడి నుంచి ఇతర వలసలకు తరలిపోయారు. ఎక్కువమంది ఇక్కడే ఉండిపోయారు. నేటి మారిషస్ జనాభాలో అధిక సంఖ్యాకులు వారి సంతతివారే.

ప్రవేశద్వారానికి ఎంతో దూరం లేకుండానే ఆసుపత్రి గదులు ఉండడం గమనించవలసిన విషయం. పరాయి నేలపై కాలుపెట్టిన వానిని అడిగే మొదటి ప్రశ్న అతని పేరు కాదు, అతని ఆరోగ్యం. ఈ దేహం పనికి వస్తుందా, ఈ దేహం నుంచి మనకేదైనా ముప్పు రాగలదా అన్నవే ఆనాటి అధికారుల రెండు సందేహాలు. నూటెనభై ఏండ్లు గడిచినా, విమానాశ్రయంలో ఆరోగ్య పత్రం పూర్తి చేసే ప్రతి ప్రయాణికుడూ ఆ రెండవ ప్రశ్నకే సమాధానం ఇస్తున్నాడు. ఆ ప్రశ్నను ఏ విధంగా అడగాలో ఈ ద్వీపం చాలా మూల్యం చెల్లించి నేర్చుకున్నది. ఆ కథే ఈ రేవు కథ.

కోరంగి నుంచి

1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసినది. అప్పటికి మారిషస్ చెరకు తోటలలో పనిచేస్తున్నవారు బానిసలే. వారికి విముక్తి లభించగానే తోటల యజమానులు కొత్త పనివారి కోసం వెదకసాగారు. 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను తెచ్చి పోర్ట్ లూయీలో దింపినది. ఆ తేదీ ఈనాడు మారిషస్‌లో జాతీయ సెలవు దినం. అయిదేండ్ల ఒప్పందం, నెలకు అయిదు రూపాయల జీతం, తిండి గింజలు, గుడ్డలు: ఇదీ ఆనాటి షరతు. ఆ ఒప్పందానికి అంగీకరించినవారిలో చాలామందికి ఆ ద్వీపం ఏ దిక్కున ఉన్నదో తెలియదు.

తెలుగువారు కూడ తొలినాళ్ళలోనే బయలుదేరారు. గోదావరి, విశాఖపట్టణం, గంజాం ప్రాంతాలవారు కొందరు కాకినాడ సమీపంలోని కోరంగి రేవు నుంచి, మరికొందరు మద్రాసు నుంచి ఓడ ఎక్కారు. 1843లో కోరంగి పాకెట్ అనే ఓడలో తమ పూర్వులు వచ్చారని మారిషస్ తెలుగువారు చెప్పుకుంటారు. కోరంగి ఆ కాలంలో ఓడల నిర్మాణానికి పేరు మోసిన రేవు. 1839 నాటి తుఫాను ఆ పట్టణాన్ని తుడిచిపెట్టినంత పని చేసినది. నేడు కోరంగి అంటే మడ అడవులు, వన్యప్రాణుల అభయారణ్యం గుర్తుకు వస్తాయి. కాని బర్మాలోనూ, మారిషస్‌లోనూ తెలుగువానికి చిరకాలం కోరంగీ అనే పేరే నిలిచిపోయినది. ఊరు చితికిపోయినా, దాని పేరు మాత్రం సముద్రం దాటి మనుష్యులకు అంటుకున్నది.

తెరచాపల ఓడపై ఆ ప్రయాణం అయిదారు వారాలు పట్టేది. గాలి అనుకూలించకపోతే మరింత ఆలస్యం. ఓడ అడుగుభాగంలో క్రిక్కిరిసిన జనం, నిలవ నీరు, అలవాటు లేని తిండి. ఒకరికి కలరా సోకితే అది ఓడ అంతటా ప్రాకడానికి ఎంతో కాలం పట్టేది కాదు.

గాబ్రియేల్ దీవి

మారిషస్ ఉత్తరపు కొసకు పదీ పన్నెండు కిలోమీటర్ల దూరంలో, సముద్రమధ్యంలో రెండు చిన్న దీవులు పక్కపక్కనే ఉన్నవి. ఒకటి ఫ్లాట్ దీవి. దానిపై 1855లో కట్టిన దీపస్తంభం ఉన్నది. రెండవది గాబ్రియేల్ దీవి. తెల్లని ఇసుక, పచ్చలవలె మెరిసే నీరు, గుంపులుగా ఎగిరే సముద్రపక్షులు. నేడు ఉదయాన్నే జంట పడవలలో యాత్రికులు అక్కడికి చేరి, ఈత కొట్టి, కాల్చిన చేపలు తిని, సాయంత్రానికి తిరిగి వస్తారు.

1856 జనవరిలో ఇక్కడ జరిగినది వేరు. కలకత్తా నుంచి రెండు ఓడలు వచ్చినవి. వాటిలో రోగులు ఉన్నారన్న వార్త రాజధానిలో పొక్కినది. అంతకు రెండేండ్ల క్రితమే, 1854లో, కలరా మహమ్మారి పోర్ట్ లూయీలో వేలమందిని బలి తీసుకున్నది. ఆ భయం ఇంకా చల్లారలేదు. ఓడలను రేవుకు రానీయరాదని నగరవాసులు పట్టుబట్టారు. అధికారులు తలవంచారు. దాదాపు ఏడు వందల మంది స్త్రీ పురుషులను, పిల్లలను గాబ్రియేల్ దీవిపై దింపివేశారు. అక్కడ తగిన నివాసాలు లేవు. చాలినంత మంచినీరు లేదు. వైద్య సహాయం నామమాత్రం. ఎండకూ వానకూ తడుస్తూ ఎండుతూ ఉన్న ఆ జనంలో కలరా, జ్వరాలు చెలరేగినవి. కొద్ది మాసాలలో 280 మందికి పైగా మరణించారు. అంటే ప్రతి అయిదుగురిలో ఇద్దరు.

ఈ వార్త కలకత్తా చేరినప్పుడు భారత ప్రభుత్వం మారిషస్‌కు వలసను కొంతకాలం నిలిపివేసినది. చెరకు తోటలకు పనివారు రావడం ఆగిపోయేసరికి గాని మారిషస్ అధికారులకు తమ తప్పిదం తెలిసిరాలేదు. ఆ తరువాత ఫ్లాట్ దీవిపై ఆసుపత్రి, నివాసాలు, నీటి తొట్లు నిర్మించారు. వాటి శిథిలాలు, ఒక శ్మశానవాటిక నేటికీ అక్కడ కనిపిస్తాయి. మారిషస్ మూలాలు గల ఫ్రెంచి రచయిత, నోబెల్ బహుమాన గ్రహీత లె క్లెజియో 1995లో వెలువరించిన లా కారాంతేన్ అనే నవలకు ఈ దీవే రంగస్థలం. క్వారంటైన్ అన్నదే ఆ పేరుకు అర్థం.

రోగిని వేరుగా ఉంచడంలో దోషం లేదు. అది వైద్యశాస్త్రం ఆమోదించిన పద్ధతే. వేరుగా ఉంచినవానికి నీడ, నీరు, మందు ఇచ్చే బాధ్యతను వదలుకోవడంలోనే దోషం ఉన్నది. గాబ్రియేల్ దీవిపై రోగాన్ని నిర్బంధించలేదు, మనుష్యులను పారవేశారు.

జ్వరమూ, చీటీ

అంత జాగ్రత్త పడిన నగరానికి మరొక పదేండ్లలోనే మరొక దారిన ఆపద వచ్చినది. 1860ల మధ్యలో మలేరియా ద్వీపంలో అడుగు పెట్టినది. 1867లో అది తారస్థాయికి చేరినది. ఆ ఒక్క సంవత్సరంలోనే ద్వీప జనాభాలో సుమారు పదోవంతు నశించినదని చరిత్రకారుల అంచనా. శవాలను పూడ్చడానికి చోటు చాలలేదు. దోమకూ మలేరియాకూ గల సంబంధం అప్పటికి లోకానికి తెలియదు. చెడుగాలి వల్ల జ్వరం వస్తుందనే అందరి నమ్మకం.

కలిగినవారు కొత్తగా వేసిన రైలు మార్గం వెంట ఎత్తయిన చల్లని పీఠభూమికి తరలిపోయారు. క్యూర్‌పిప్ అనే పట్టణం ఆ విధంగా పెరిగినదే. అక్కడి పెద్ద పెద్ద చెక్క భవనాలను, తోటలను యాత్రికులు నేడు ముచ్చటపడి చూస్తారు. ఆ అందమంతా ఒక జ్వరానికి భయపడి పారిపోయినవారు కట్టుకున్నదని చాలామందికి తెలియదు. కూలీలకు పారిపోయే వీలు లేదు. పైగా సరిగ్గా అదే 1867లో వచ్చిన ఒక శాసనం, ఒప్పందం ముగిసిన పాతకాపులు సైతం తమ ఛాయాచిత్రం అతికించిన చీటీని ఎల్లప్పుడూ వెంట ఉంచుకోవాలని నిర్బంధించినది. చీటీ లేనివాడు దేశద్రిమ్మరి, అతనికి జైలు. జ్వరం నుంచి ఊరు మారాలన్నా, బంధువును చూడాలన్నా పోలీసు భయం వెన్నాడుతూ ఉండేది.

పరాయివారు చూసిన మారిషస్

ఒక దేశంలోని లోపాలు అక్కడ పుట్టి పెరిగినవారి కంటె, వెలుపలి నుంచి వచ్చి నివసించేవారికి త్వరగా కనిపిస్తాయి. మారిషస్ చరిత్రలో ఈ మాటకు నాలుగు నిదర్శనాలు ఉన్నవి.

మొదటివాడు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్. జర్మను మూలాలు గల ఈయన పారిస్‌లో పుట్టి, మారిషస్‌కు వచ్చి ఒక తోట వ్యవహారాలు చూస్తూ ఉండేవాడు. చీటీ శాసనం క్రింద కూలీలు పడే బాధలు కళ్ళారా చూశాడు. 1871లో వారి ఫిర్యాదులను ఒక అర్జీగా వ్రాసి, 9,401 మంది పాతకాపుల సంతకాలతో గవర్నరుకు సమర్పించాడు. ఈయనను దేశం నుంచి వెళ్ళగొట్టాలని తోటల యజమానులు తిరుగు అర్జీ పెట్టారు. అయినా ఆ అర్జీ ఫలితంగా బ్రిటిష్ ప్రభుత్వం ఒక రాయల్ కమిషన్‌ను పంపవలసి వచ్చినది. 1875లో వెలువడిన ఆ కమిషన్ నివేదిక అర్జీలోని ఆరోపణలకు చాలవరకు బలం చేకూర్చినది.

రెండవవారు మహాత్మా గాంధి. 1901లో దక్షిణాఫ్రికా నుంచి స్వదేశానికి వస్తూ ఉండగా, ఆయన ఎక్కిన నౌషేరా అనే ఓడ పోర్ట్ లూయీలో ఆగినది. దాదాపు మూడు వారాలు ఆయన ఇక్కడ గడిపారు. పిల్లలను చదివించండి, దేశ రాజకీయాలలో పాలుపంచుకోండి అన్నది ఆయన ఇక్కడి భారతీయులకు చేసిన హితబోధ. 1907లో మణిలాల్ డాక్టర్ అనే న్యాయవాది ఇక్కడికి వచ్చి కూలీల పక్షాన కోర్టులలో వాదించారు. 1909లో హిందుస్థానీ అనే పత్రికను స్థాపించారు. ఈయన మూడవవారు. మారిషస్ 1968లో స్వాతంత్ర్య దినంగా మార్చి 12ను ఎంచుకున్నది దండి యాత్ర స్మృతిలోనే.

నాలుగవవాడు రొనాల్డ్ రాస్. అల్మోరాలో పుట్టిన ఈ ఆంగ్ల వైద్యుడు 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, మలేరియా రోగి రక్తం త్రాగిన దోమ కడుపులో ఆ రోగపు క్రిములను కనుగొన్నాడు. తెలుగునాట జరిగిన ఆ పరిశోధనకు 1902లో నోబెల్ బహుమానం లభించినది. 1907 చివరలో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను మారిషస్‌కు పంపినది. ఆయన సుమారు మూడు మాసాలు ఊరూరా తిరిగి, పిల్లల ప్లీహాలు తడిమి చూసి, జ్వరం ఎక్కడెక్కడ గూడు కట్టుకున్నదో లెక్కలు తీశాడు. 1908లో వెలువడిన ఆయన నివేదికలో ఒక ముఖ్య విషయం ఉన్నది. మలేరియాను అరికట్టడానికి దోమలన్నింటినీ చంపనక్కరలేదు. వాటి సంఖ్య ఒక మేరకు తగ్గితే చాలు, రోగం తనంతట తానే క్షీణిస్తుందని ఆయన గణితం ద్వారా చూపాడు. నిలవ నీటిని పారించండి, క్వినైన్ పంచండి, ఇందుకొక శాశ్వత సిబ్బందిని నియమించండి అని సలహా ఇచ్చాడు.

న్యాయం గురించి ప్లెవిట్జ్, విద్య గురించి గాంధి, హక్కుల గురించి మణిలాల్, ఆరోగ్యం గురించి రాస్ వేరువేరుగా మాట్లాడినట్లు కనిపిస్తుంది. కాని నలుగురి చూపు నిలిచిన చోటు ఒక్కటే. అది చెరకుతోటలోని గుడిసె.

తలుపు తట్టే ఉద్యోగి

రాస్ సలహాలు పూర్తిగా అమలు జరగడానికి నలభై ఏండ్లు పట్టినది. 1949లో ఇండ్లలో డి.డి.టి. చల్లే కార్యక్రమం ఆరంభమైనది. మలేరియాను మోసే ప్రధానమైన దోమజాతి ఒకటి ద్వీపం నుంచి అంతరించినది. మరొక జాతి మాత్రం మిగిలినది; ఈనాటికీ ఉన్నది. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మారిషస్‌ను మలేరియా లేని దేశంగా ప్రకటించినది.

రెండేండ్లయినా గడవకముందే, 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ అనే తుఫాను ద్వీపాన్ని అతలాకుతలం చేసినది. ఇండ్లు కూలినవి, ఎక్కడ చూసినా నీరు నిలిచినది. మళ్ళీ కట్టిన ఇండ్ల చదునైన కాంక్రీటు కప్పులపై చేరిన వాననీరు సైతం దోమలకు పుట్టినిల్లు అయినది. మలేరియా గల దేశాల నుంచి వచ్చిపోయే జనంతో పాటు రోగక్రిమి కూడ తిరిగి వచ్చినది. ఆ జ్వరాన్ని మళ్ళీ వదిలించడానికి దేశానికి ఇరవై ఏండ్లకు పైగా పట్టినది. స్థానికంగా సోకిన చివరి కేసు 1997లో నమోదైనది.

సరిహద్దులు మూసి కూర్చోవడం ఈ దేశానికి సాధ్యం కాదు. చక్కెర తరువాత దానికి జీవనాధారం యాత్రికులే. అందువల్ల మారిషస్ మరొక పద్ధతిని అవలంబించినది. మలేరియా గల దేశాల నుంచి వచ్చే ప్రయాణికుని వివరాలు విమానాశ్రయంలోనే సేకరిస్తారు. అతనిని ఎక్కడా నిర్బంధించరు. అతడు తన దారిన తాను ఇంటికో, హోటలుకో, పనిచేసే చోటుకో వెళతాడు. కొద్దిరోజులలో ఆరోగ్యశాఖ ఉద్యోగి అతని చిరునామా వెదుక్కుంటూ వచ్చి తలుపు తడతాడు. జ్వరమేమైనా వచ్చినదా అని అడుగుతాడు. వ్రేలి కొసన సూదితో గ్రుచ్చి ఒక రక్తపు బొట్టు గాజు పలకపై తీసుకుంటాడు. రోగం ఉన్నట్లు తేలితే చికిత్స జరుగుతుంది. ఆ ఇంటి చుట్టూ దోమల మందు చల్లుతారు.

భారతదేశం నుంచి చుట్టపు చూపుగా వెళ్ళినవారు ఈ ఉద్యోగిని చూసి మొదట కంగారు పడడం సహజమే. తామేదో నేరం చేసినట్లు భావించేవారూ ఉంటారు. కొద్దికాలం అక్కడ నివసించినవారు మాత్రం దీనిని మెచ్చుకుంటారు. గాబ్రియేల్ దీవికీ ఈ గాజు పలకకూ ఉన్న దూరమే నూటయాభై ఏండ్ల నాగరికత. అడిగే ప్రశ్న అదే, నీ నుంచి మాకు ముప్పు రాగలదా అని. కాని ఇప్పుడు దానితో పాటు, నీకు జబ్బు ఉంటే మేము నయం చేస్తామన్న మాట కూడ చేరినది.

నేటి ప్రవాసులు

ఈనాడు మారిషస్‌లో నివసించే విదేశీయులు రెండు తెగలు. పడమటి తీరాన తమరిన్ ప్రాంతంలోను, ఉత్తరాన గ్రాండ్ బే లోను సముద్రాభిముఖంగా ఇండ్లు కొనుక్కున్న ఫ్రెంచివారు, దక్షిణాఫ్రికావారు, కంపెనీలలో ఉన్నతోద్యోగాలు చేసే భారతీయులు ఒక తెగ. బట్టల మిల్లులలోను, భవన నిర్మాణంలోను పనిచేసే బంగ్లాదేశీయులు, భారతీయులు, నేపాలీలు, మడగాస్కర్‌వారు రెండవ తెగ. వీరిలో అనేకులు యజమానులు ఏర్పాటు చేసిన సామూహిక వసతి గృహాలలో ఉంటారు. పోర్ట్ లూయీని పీఠభూమి పట్టణాలతో కలిపే మెట్రో రైలును ఒక భారతీయ సంస్థ నిర్మించినది. దాని తొలి భాగానికి 2019 అక్టోబరులో ప్రారంభోత్సవం జరిగినది. ఒకప్పుడు జ్వరానికి భయపడి ధనికులు ఎక్కి పారిపోయిన రైలు దారి ఇంచుమించు ఇదే.

ఈ రెండు తెగలవారు ఒకరినొకరు కలుసుకొనే సందర్భాలు తక్కువ. కాని నలుగురు ప్రవాసులు చేరిన చోట, అది సముద్రతీరపు బంగళా అయినా, వసతి గృహపు మేడమెట్లయినా, సంభాషణ మూడు విషయాల చుట్టూ తిరుగుతుంది: విమానపు టిక్కెట్టు ధర, డాక్టరు, తుఫాను. స్వదేశంలో తల్లిదండ్రులకు జబ్బు చేస్తే ఎన్ని గంటలలో చేరగలము? ఇక్కడ తమకే గుండె నొప్పి వస్తే ఏ ఆసుపత్రికి పోవాలి? మారిషస్ పౌరులకు ప్రభుత్వ వైద్యం ఉచితం. భీమా గల విదేశీయులు ప్రైవేటు క్లినిక్కులకు పోతారు. రోజుకూలి పోతుందని భయపడే కార్మికుడు జ్వరాన్ని దాచుకుంటాడు. అన్ని దేశాలలోను ప్రజారోగ్యానికి అసలైన గండి అక్కడే పడుతుంది.

తుఫాను విషయంలో ఈ ద్వీపానికి ఒక చక్కని క్రమశిక్షణ ఉన్నది. హెచ్చరికలు నాలుగు తరగతులు. మూడవ తరగతి ప్రకటించగానే దుకాణాలు, కార్యాలయాలు మూతపడతాయి; జనం ఇండ్లలో ఉండిపోతారు. కొత్తగా వచ్చినవారు నేర్చుకొనే తొలి పాఠాలలో ఇది ఒకటి. అయినా 2024 జనవరి 15న బెలాల్ తుఫాను వచ్చినప్పుడు పోర్ట్ లూయీ వీధులలో వరద కార్లను కొట్టుకొనిపోయినది. పనికి వచ్చినవారు నగరంలో చిక్కుకొనిపోయారు. హెచ్చరిక సకాలంలో ఎందుకు పెంచలేదని దేశమంతటా విమర్శలు చెలరేగినవి.

2020వ సంవత్సరం ప్రవాసుల ఓర్పును మరింతగా పరీక్షించినది. మార్చి 18న తొలి కోవిడ్ కేసులు వెల్లడి కాగానే మారిషస్ సరిహద్దులు మూసివేసి కఠినమైన కర్ఫ్యూ విధించినది. ఇంటిపేరులోని మొదటి అక్షరాన్ని బట్టి ఎవరు ఏ రోజున సరకులు కొనుక్కోవాలో నిర్ణయించారు. రోగం త్వరగా అదుపులోకి వచ్చినది. కాని విదేశాలలో ఉన్న మారిషస్ పౌరులు నెలల తరబడి స్వదేశానికి చేరలేకపోయారు. ఇక్కడ ఉన్న విదేశీ కార్మికులు తమ దేశాలకు పోలేకపోయారు. టీకాలు వేయించుకున్న ప్రయాణికులకు దేశం పూర్తిగా తలుపులు తెరచినది 2021 అక్టోబరు 1న. ద్వీపాన్ని రక్షించినది సముద్రమే. మనుష్యులను తమవారి నుంచి విడదీసినదీ ఆ సముద్రమే.

తలుపులు మూసి ఉన్న ఆ కాలంలోనే, 2020 జులై 25న, వాకాషియో అనే పెద్ద ఓడ ఆగ్నేయ తీరాన పగడపు దిబ్బపై ఎక్కినది. పది పన్నెండు రోజులకు నూనె కారసాగినది. సాయం కోసం ఎదురుచూస్తూ జనం చేతులు కట్టుకొని కూర్చోలేదు. చెరకు ఆకులను గుడ్డలలో కుక్కి పొడవాటి తేలికట్టలు కుట్టి నీటిపై పరిచారు. ఎవరి తాతలు చెరకు నరకడానికి వచ్చారో, వారి మనుమలు ఆ చెరకు ఆకుతోనే తమ సముద్రాన్ని కాపాడుకోవడానికి పూనుకున్నారు.

చక్కెర చేదు

కలరా పోయినది, మలేరియా పోయినది. ఇప్పుడు మారిషస్‌ను పీడిస్తున్నది మధుమేహం. వయోజనులలో దాదాపు అయిదుగురికి ఒకరు ఈ వ్యాధికి లోనైనారు. లోకానికి చక్కెర తినిపించిన ద్వీపం చక్కెర వ్యాధితో బాధపడడం విధి వైపరీత్యం. 1987లో ప్రభుత్వం రేషను వంటనూనెలో పామాయిలుకు బదులు సోయా నూనె పంచడం మొదలుపెట్టగా, అయిదేండ్లలో ప్రజల రక్తంలో కొలెస్టరాల్ గణనీయంగా తగ్గినదని పరిశోధకులు గమనించారు. తలుపు తట్టే ఉద్యోగి దోమను జయించినాడు గాని, పళ్ళెంలోని తిండిని జయించడం అంత సులభం కాదు.

రిజిస్టరులోని ఒక వరుస

మారిషస్ తెలుగువారి ఇండ్లలో మాట్లాడే భాష ఇప్పుడు క్రియోల్. అయినా ఉగాది దేశవ్యాప్తంగా సెలవు దినం. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజనలు తరతరాలుగా సాగుతున్నవి. ఏ పత్రమూ చూడకుండానే, తమ పెద్దలు విశాఖ ప్రాంతం నుంచి బయలుదేరారని ఆ సింహాద్రి అప్పన్న పేరే చెబుతున్నది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది ఈ ద్వీపంలోనే.

పత్రాలు కావాలనుకొనేవారు మోకా అనే ఊరిలోని మహాత్మా గాంధీ సంస్థకు వెళతారు. దానికి 1970లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. వలస వచ్చినవారి రిజిస్టర్లు అక్కడ భద్రంగా ఉన్నవి. ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస: సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఎత్తు, ఒంటి మీది గుర్తులు, జిల్లా, ఎక్కివచ్చిన ఓడ. విన్న ఉచ్చారణను బట్టి గుమాస్తా వ్రాసుకున్న తెలుగు ఊర్ల పేర్లు ఒక్కొక్కప్పుడు గుర్తు పట్టరాకుండా ఉంటాయి. ఆ వరుస పట్టుకొని నాలుగో తరంవారు, అయిదో తరంవారు భారతదేశంలో తమ ఊరిని వెదుక్కుంటారు.

ఆ రిజిస్టరులో కూలీ అభిప్రాయం వ్రాయడానికి గడి లేదు. ప్రయాణం ఎలా జరిగినదో, దీవిపై ఎన్నాళ్ళు ఉంచారో, ఎవరు మరణించారో అతనిని అడిగినవారు లేరు. 1871 నాటి అర్జీలోని 9,401 సంతకాలే ఆ మౌనానికి తొలి సమాధానం. నేడు మారిషస్ విమానాశ్రయంలో దిగే బట్టల మిల్లు కార్మికుని వివరాలు కాగితంపై కాక కంప్యూటరులో చేరుతున్నవి. అతని రక్తం పరీక్షిస్తారు; ఛాతీకి ఎక్స్-రే తీస్తారు. అవి చేయవలసిన పనులే. వాటితో పాటు అతని గదికి గాలి వస్తున్నదా, జ్వరం వచ్చిన రోజున కూలి పోతుందన్న భయం లేకుండా అతడు డాక్టరును చూడగలుగుతున్నాడా అని కూడ అడిగే దేశమే, గాబ్రియేల్ దీవిని నిజంగా గుర్తుంచుకున్న దేశం. ఆ మాట మారిషస్‌కే కాదు, మనుష్యులను పంపే దేశాలకూ, రప్పించుకొనే దేశాలకూ అన్నింటికీ వర్తిస్తుంది.